బుగ్గల దుకాణానికి పాత తుపాకి

గద్వాలకు మూడవసారి వెళ్ళిన ఆదివారం కూడా ఆ తుపాకి యజమాని ఇంట్లో లేడు. మొదటి వారం పెండ్లికి వెళ్ళాడన్నారు. రెండవ వారం నిద్రపోతున్నాడన్నారు. మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చున్న తరువాత, లోపల నిద్రపోతున్నది ఆయన కాదనీ, ఆయన తమ్ముడనీ తెలిసింది. మూడవ వారం, పొలానికి పోయాడు, ఇప్పుడే వస్తాడు, కూర్చోండి అన్నారు. కూర్చున్నాను. వనపర్తి నుంచి పెబ్బేరు, అక్కడి నుంచి బీచుపల్లి వంతెన దాటి ఎర్రవల్లి, ఎర్రవల్లి నుంచి గద్వాల. రానూ పోనూ బస్సు ఖర్చు, మూడు వారాలది కలిపితే, కొనబోయే వస్తువు మీద ఎంత అదనంగా పడిందో ఆ అరుగు మీదనే లెక్క వేసుకున్నాను. ఆ అంకె ఇక్కడ రాయను. రాస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తుపాకి నా కోసం కాదు. నా భార్య తమ్ముడి కోసం.

2003వ సంవత్సరం మాట. అతడు శ్రీరంగాపూర్ పక్కనున్న పల్లెలో ఉండేవాడు. పుణెలో భవనాల పనికి వెళ్ళి, మూడవ అంతస్తుకు కట్టిన కర్రల మీది నుంచి జారి పడ్డాడు. కింద ఇసుక కుప్ప ఉండబట్టి ప్రాణం దక్కింది. ఎముక అతికింది కాని నడుము నిలవలేదు. తట్ట ఎత్తలేడు, గడ్డపార పట్టలేడు, ఎక్కువసేపు నిలబడలేడు. ఇంట్లో భార్య, నడక వచ్చి ఏడాది దాటిన ఆడపిల్ల. ఉన్న రెండెకరాలలో ఆ ఏడు గింజ మొలవలేదు. మా పాలమూరు పల్లెల నుంచి కూలీలను దూరదేశాల పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రి ఒకనాడు వాళ్ళ గడపలో నిలబడి, "నువ్వైతే పనికి రావు. నీ పెండ్లాం వస్తదా?" అని అడిగిపోయాడు. రంగనాయకస్వామి రథోత్సవం దాటిన ఆదివారం రెండవ గుంపు బయలుదేరుతుంది. ఆమె అందులో ఎక్కితే మళ్ళీ తొలకరికే వస్తుంది. అంతవరకు ఆ పసిదానితో, వంగలేని నడుముతో, ఇతడొక్కడూ ఇంట్లో ఉండాలి.

పుణెలో ఉన్నప్పుడు ఒక తీర్థంలో అతడు బుగ్గల దుకాణం చూశాడట. చెక్కకు వరుసలుగా గాలి బుగ్గలు కట్టి, వచ్చినవారి చేతికి గాలి తుపాకి ఇచ్చి, పేల్చిన గుండుకు ఇంత అని తీసుకునే దుకాణం. "ఆయన పొద్దంత స్టూలు మీదనే కూసున్నడు బావా. లేసింది లేదు. నేను కూసోని చేసేటి పని గదొక్కటే కండ్లబడ్డది" అన్నాడు. శ్రీరంగాపూర్ జాతరలోనే దుకాణం పెట్టాలని, అది నిలబడితే ఏడాది పొడుగునా ఊరూరి జాతరలు తిరగవచ్చునని అతని ఆశ. దుకాణం నిలబడితే ఆమె పుణెకు పోనక్కరలేదు. నిలబడకపోతే పోవాలి. ఇద్దరి మధ్య ఒప్పందం ఇది.

నేను తూనికలు కొలతల శాఖలో సహాయకుడిని. అంగళ్ళ త్రాసులు పరీక్షించడం, తప్పు తూగేవాటిని సరిచేయించడం, సరిగా ఉన్నవాటికి ముద్ర వేయడం నా వృత్తి. ఇంట్లో నా భార్య ఒకటే మాట అన్నది: "ఊరందరి తరాజులు సక్కజేస్తవు. నా తమ్మునికి జర ఒక్క తుపాకి సక్కంగ చూసిపెట్టరాదూ?" అతడు మేకలు అమ్మి తెచ్చిన డబ్బులో చెక్క, గుడ్డ, బుగ్గలు, బహుమతుల గిన్నెలు పోగా, తుపాకికి పదమూడు వందలకు మించి పెట్టడానికి వీలు లేదని నేనే తేల్చాను. హైదరాబాదులో కొత్తది మూడు వేల పైమాటే. అందుకే పాతదాని వేట, ఆ గద్వాల అరుగు.

చివరకు ఆయన వచ్చాడు. పొద్దుతిరుగుడు చేను మీద వాలే చిలుకల కోసం కొన్న తుపాకి అది. కబురు పంపినప్పుడు పదకొండు వందలన్నాడు. నా ముఖం చూశాక పదిహేడు వందలన్నాడు. ధర మాట తరువాత, ముందు పేల్చి చూస్తానన్నాను. పెరట్లో గోడకు అట్టపెట్టె ఆనించి, గుండు పెట్టి, పేల్చాను. గుండు అట్టకు తగిలి, లోపలికి పోకుండా, జారి కింద పడింది. దాన్ని ఏరి అరచేతిలో పెట్టుకుని ఆయనకు చూపించాను.

"దీనితో చిలుకలు చస్తాయా?" అని అడిగాను.

"చావవు సార్. జర సిగ్గుపడి లేస్తయి" అన్నాడు, నవ్వకుండా.

లోపలి స్ప్రింగు చచ్చిపోయిందన్నాను. మార్పించుకుంటే గుర్రం లెక్క తంతుందన్నాడు. మరి మార్పించి అమ్మవచ్చు కదా అన్నాను. "మార్పిస్తే నేనెందుకమ్ముత? నేనే పెట్టుకుంట కద" అన్నాడు. చాయ్ తాగిపొమ్మని బలవంతం చేసి, చాయ్ వచ్చేలోపల పదిహేను వందలకు దిగాడు. నేను చాయ్ తాగి లేచాను. మూడు ఆదివారాలు, ఒక కప్పు చాయ్.

రథోత్సవానికి పది దినాలు కూడా లేవనగా, పెబ్బేరు బస్సులో పరిచయమైన ఒక కండక్టరు నాగర్‌కర్నూల్‌లో ఒక ముసలాయన ఉన్నాడని చెప్పాడు. ముప్పై ఏండ్లుగా జాతరల్లో బుగ్గల దుకాణం నడిపినవాడు. మోకాళ్ళు పనిచేయక మానుకున్నాడు. రెండు తుపాకులున్నాయి, అమ్ముతాడు. సెలవు పెట్టి వెళ్ళాను.

ఆయన ఇల్లు సులభంగానే దొరికింది. ముందు భాగంలో కొడుకు వెల్డింగు దుకాణం, వెనుక వాకిట్లో మంచం మీద ఆయన. కొత్త చోట వస్తువు కొనేటప్పుడు నేను మొదట నా ఉద్యోగం చెబుతాను. చెబితే ఎదుటివారు తూకంలోగాని, ధరలోగాని తప్పు మాటాడరని నా అనుభవం. ఇక్కడా చెప్పాను. ముసలాయన మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు. కొడుకును పిలిచి కుర్చీ తుడిపించాడు. నేను చెప్పిన మాట పనిచేస్తున్నదనే అనుకున్నాను.

పాత లుంగీలో చుట్టిన రెండు తుపాకులు తెచ్చారు. మొదటిది నల్లబడిపోయింది, భుజానికి ఆనించే కట్టె చీలితే ఇనుప తీగతో బిగించి కట్టారు. రెండవది పాలిష్ చెడనిది, కొత్తదానికి చెల్లెలులా ఉన్నది. ధరలు అడిగాను. తీగ కట్టినదానికి పద్దెనిమిది వందలు, పాలిష్‌దానికి పదకొండు వందలు అన్నాడు. నేను సరిగా వినలేదనుకుని మళ్ళీ అడిగాను. అదే చెప్పాడు.

"ఏ పనికి సాబ్?" అని అడిగాడు.

జాతరలో మా బావమరిది పెట్టబోయే బుగ్గల దుకాణానికి అన్నాను.

"దుకాణానికైతే గిదే..." అని తీగ కట్టినదాని మీద చెయ్యి వేశాడు. నా వైపు చూశాడు. చెయ్యి తీశాడు. "మీరు చూస్కోండ్రి" అన్నాడు.

నేను గళ్ళ కాగితాలు తీసుకుపోయాను. వాటిని గోడకు అతికించి, నడుమ చుక్క పెట్టి, బియ్యపు సంచి మీద తుపాకి ఆనించి, ఒక్కొక్కదానితో ఐదేసి గుండ్లు పేల్చాను. పాలిష్‌దాని గుండ్లు ఐదూ చుక్క మీదనే, రూపాయి బిళ్ళ కింద దాగేంత చోటులో పడ్డాయి. తీగ కట్టినదానివి కూడా ఐదూ ఒక్కచోటనే పడ్డాయి. కాని ఆ చోటు చుక్కకు ఎడమ వైపు మూడు వేళ్ళ దూరంలో ఉన్నది. గొట్టం వెనుక, గురి చూసే చీలిక ఉన్న చిన్న బిళ్ళ ఒక పక్కకు జరిగి ఉండడం కంటికే కనిపిస్తున్నది.

"దీని గురి తప్పింది" అన్నాను.

"తప్పింది సాబ్."

"ఎప్పటి నుంచి?"

"శాన ఏండ్లాయె."

"మరి ఎందుకు బాగుచేయించలేదు?"

ముసలాయన కొడుకు వైపు చూశాడు. కొడుకు ముఖానికి అడ్డంగా వెల్డింగు అద్దం దించుకుని పనిలో పడ్డాడు. "పరేషాన్ ఎందుకని ఇడిసిపెట్టిన" అన్నాడు ముసలాయన.

గురి తప్పినదానికి ఏడు వందలు ఎక్కువ ఎందుకని నిలదీశాను. ఆయన తీగ కట్టిన కట్టెను నిమిరి, "అది నాకు అన్నం పెట్టింది సాబ్" అన్నాడు. అద్దం వెనుక నుంచి కొడుకు నవ్వు వినిపించింది. "మా అబ్బాకు దాని మీద మోజు సార్. అమ్మ కంటె ఎక్కువ" అన్నాడు. ముసలితనపు మమకారానికి నేను డబ్బు కట్టనవసరం లేదని నిర్ణయించుకున్నాను. పాలిష్‌దానికి వెయ్యి అన్నాను. ఆయన వెయ్యిన్ని యాభై అని కూడా అనకుండా ఇచ్చేశాడు. మూడు ఆదివారాల బాధ ఒక్క పూటలో తీరిందని, న్యాయమైన వస్తువు న్యాయమైన ధరకు దొరికిందని ఆ దినం రాసుకున్నాను.

గోనెసంచిలో చుట్టుకుని బయలుదేరుతుంటే, నడవలేని ఆ మనిషి గోడ పట్టుకుని గేటు దాకా వచ్చాడు. "మీ బామ్మర్దిని ఒక్కసారి నా దగ్గరికి తోలుండ్రి సాబ్. జర మాట్లాడుత" అన్నాడు. ఏమైనా ఉంటే నాతోనే చెప్పమన్నాను. "మీతోని కాదు సాబ్. దుకాణం మాటలు" అన్నాడు. బస్సుకు ఆలస్యమవుతున్నదని వచ్చేశాను.

తిరుగు ప్రయాణంలో బిజినేపల్లి దగ్గర పోలీసులు బస్సు ఆపారు. అడవి అంచు ప్రాంతాలలో తనిఖీలు మామూలుగా ఉన్న రోజులవి. గోనెసంచి ఆకారం చూసి నన్ను దించారు. లైసెన్సు అక్కరలేని వస్తువని, చిన్న గుండ్లని, జాతర కోసమని చెప్పాను. వాళ్ళలో పెద్దాయన నమ్మాడు కాని, చిన్న కానిస్టేబులు నమ్మాలంటే పేల్చి చూడాలన్నాడు. చూశాడు. రోడ్డు పక్క కట్టెల మీద బోర్లించిన డబ్బాను మొదటి గుండుకే కొట్టి సంతోషపడ్డాడు. ఇంకొకటి అడిగాడు. బస్సులో నుంచి ఒక ముసలమ్మ తల బయటపెట్టి, "నీ తుపాకి మన్నుబడ. నా బర్రె పాలు పిండే యాళ్ళ అయితున్నది" అని నన్ను తిట్టింది. కానిస్టేబులును కాదు, నన్ను. మొత్తం బస్సు ఆమె వైపే ఉన్నది. వనపర్తి చేరే వరకు నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

జాతరలో దుకాణం పెట్టింది చెరువు కట్ట కింది వరుసలో. ఒక పక్క చెప్పులు కుట్టే ఆయన, మరో పక్క గాజుల బండి. బావమరిది చెక్కకు నీలం గుడ్డ కట్టించాడు. అతని భార్య, నాకు చెల్లెలు వరస, పొద్దున నుంచి బుగ్గలు ఊదుతూనే ఉన్నది. పిల్ల ఆమె కాళ్ళ దగ్గర పగిలిన రబ్బరు ముక్కలతో ఆడుకుంటున్నది. పది రూపాయలకు పది గుండ్లు. ఎనిమిది బుగ్గలు పగిలితే ఒక స్టీలు గిన్నె. తుపాకి కొత్తవాడి చేతిలో మూడింట ఒక వంతు కంటే తగలదని, గిన్నె గెలిచేవారు దినానికి నలుగురైదుగురు మించరని నేను వేసిన లెక్క. ఆ లెక్క మీదనే ఇరవై నాలుగు గిన్నెలు కొన్నాము. మూడు దినాల జాతరకు అవే ఎక్కువని నేనన్నాను.

దీపాలు పెట్టే వేళకు గిన్నెలన్నీ అయిపోవచ్చాయి.

జొన్నచేల మీద వడిసెల తిప్పి పెరిగిన పిల్లలు, పశువులు కాచేవారు, లారీల మీద క్లీనర్లు. ఎవరు పట్టినా తగులుతున్నది. మొదట గుంపు చూసి మా వాడు పొంగిపోయాడు. "బావా, దుకాణం దున్నుతున్నది" అని నా చెవిలో అన్నాడు. అక్క మొగుడు ఎంత మంచి తుపాకి తెచ్చాడో వచ్చినవారందరికీ చెప్పాడు. వాళ్ళు విన్నారు, పక్క ఊరి వాళ్ళకు చెప్పారు, వాళ్ళూ వచ్చారు. ఆమె ఊదిన బుగ్గ చెక్కకు కట్టేలోపల ముందువరుస పగిలిపోయేది. ఊది ఊది ఆమె దవడలు వాచాయి. బుగ్గ ఖరీదు, గుండు ఖరీదు, గిన్నె ఖరీదు కలిపితే, పది రూపాయలిచ్చిన ప్రతి మనిషీ మా దగ్గర నుంచి ఇంకొన్ని రూపాయలు తీసుకుని వెళుతున్నట్టే. వేళ్ళ మీద లెక్క వేస్తే ఈ సంగతి తేలింది. ఏది తప్పిందో మాత్రం తెలియలేదు. నా లెక్కలో కూడికలన్నీ సరిగానే ఉన్నాయి.

చెప్పింది అవతలి వరుసలో బుగ్గల దుకాణం పెట్టినవాడు. తన దుకాణం ఖాళీ అయిందేమిటని చూడవచ్చాడు. ఒక గుండుకు డబ్బిచ్చి, పేల్చి, బుగ్గ పగలగానే తుపాకిని తిప్పి చూసి నవ్వాడు.

"యాడ దొరికిందయ్యా నీకు గిసొంటి సత్తెమంతురాలు? దీన్ని దుకాణంల గాదు, గుళ్ళె పెట్టుకోవాలె."

అతని దుకాణంలోని తుపాకి మాటేమిటని మావాడు అడిగాడు. "అది నా మాట ఇంటది, వచ్చినోళ్ళ మాట ఇనదు" అని అతడు వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు నాగర్‌కర్నూల్ ముసలాయన ముఖం అర్థమైంది. వంకర తుపాకి విలువ ఏమిటో త్రాసులు పరీక్షించే మనిషికి ఆయన ఏ నోటితో చెప్పగలడు? నా ఉద్యోగం పేరు చెప్పి నేనే ఆయన నోరు కట్టేశాను. మోసం జరగకుండా వాడే మాట అది. ఇరవై ఏండ్లలో మొదటిసారి అదే నన్ను ముంచింది.

అప్పుడే గుంపు మేస్త్రి వచ్చాడు. తెల్ల అంగీ, చేతికి గడియారం, వెనుక నలుగురు మనుషులు. పది గుండ్లు అడిగాడు. పది బుగ్గలు పగిలాయి. చివరి గిన్నె అతనిదే అయింది. దాన్ని గోటితో టంగుమనిపించి, చెల్లెలు చేతికే తిరిగి ఇచ్చాడు.

"ఉంచుకో పిల్లా. ఆడ బువ్వ వండుకునేటందుకు నీకే అక్కరొస్తది. ఆదివారం పొద్దుగాల్ల బండి" అన్నాడు.

ఆమె గిన్నె తీసుకుని కింద పెట్టింది. మళ్ళీ బుగ్గ ఊదసాగింది.

మరునాడు ఉదయం నేను సెలవు పొడిగించుకుని, దుకాణాన్ని సరిచేయడానికి నాకు తెలిసిన మార్గాలన్నీ ప్రయత్నించాను. చెక్కను వెనక్కు జరుపుదామంటే వెనుక చెరువు కట్ట. మనుషులను వెనక్కు జరుపుదామంటే నడిచే దారి. బుగ్గలు చిన్నవిగా ఊదించాను, చిన్నవీ పగిలాయి. గిన్నెలకు బదులు సబ్బుపెట్టెలు పెడితే, వచ్చినవారు చూసి అవతలి దుకాణానికి పోయారు. ఒక్కొక్క ప్రయత్నానికి ఒక్కొక్క గంట పోయింది. మధ్యాహ్నానికి చెమటతో, కోపంతో స్టూలు మీద కూలబడ్డాను. ఎవరి మీద కోపమో చెప్పడం కష్టం. తుపాకి మీద కోపగించడానికి అది ఏ తప్పూ చేయలేదు.

"బావా, దీన్ని జర వంకర జెయ్యి" అన్నాడు మావాడు.

చెడగొట్టడానికి నేనెందుకు, రాయి తీసుకుని కొట్టుకో అన్నాను. గట్టిగానే అన్నాను.

"నేను గొడితే మొత్తానికే తప్పుతది. అప్పుడు ఎవ్వడు రాడు. తప్పాలె గని, తప్పుతున్నట్టు తెల్వొద్దు. గింత తప్పాలె అని చూసి పెట్టుడు నీతోనే అయితది."

పది గ్రాములు తప్పు తూగే త్రాసును బజారులో పదిమంది ముందు పక్కన పెట్టించే మనిషిని. ఆ మాట వాళ్ళకు చెప్పనవసరం లేదు, తెలుసు. తెలిసే అడుగుతున్నారు. అదే నాకు మంట.

పిల్ల చెల్లెలు ఒడిలో నిద్రపోతున్నది.

"అన్నా, నేను పోతే దీనికి జరమొచ్చినప్పుడు దవాఖానకు ఎవరు ఎత్తుకపోవాలె? ఈయన ఎత్తలేడు" అన్నది.

అంతే అన్నది. దానిలో ఒక్క అక్షరం కూడా ఎక్కువ లేదు.

నాతో ఎప్పుడూ ఉండే సంచిలో ముద్రలు వేసే చిన్న సుత్తి ఉన్నది. దాన్ని బయటకు తీయలేదు. పక్కన చెప్పులు కుట్టే ఆయన దగ్గర సుత్తి అడిగి తెచ్చాను. గురి చీలిక ఉన్న బిళ్ళ గొట్టం మీద ఒక గాడిలో బిగించి ఉంటుంది. కట్టెముక్క అడ్డం పెట్టి, దాన్ని ఎడమకు తట్టాను; పేల్చి చూశాను; మళ్ళీ తట్టాను. బుగ్గ నడిమిని గురి చూస్తే గుండు దాని ఎడమ అంచును ఒరుసుకుంటూ పోవాలి. చెయ్యి కొంచెం వణికితే తగలాలి, నిలకడగా పట్టినవాడికి తప్పాలి. ఒకసారి ఎక్కువ జరిగింది, వెనక్కు తెచ్చాను. ఎన్నడూ తుపాకి పట్టని చెల్లెలుతో పది పేల్పించాను, నాలుగు పగిలాయి. మావాడు పేలిస్తే మూడు. చాలన్నాను. ఇంత శ్రద్ధగా నేను ఏ త్రాసునూ సరిచేయలేదన్నది నిజం. ఆ నిజం నాకు ఏ సంతోషమూ ఇవ్వలేదు.

మిగిలిన డబ్బుతో పెబ్బేరు నుంచి ఆరు గిన్నెలు తెప్పించాము. ఆ సాయంత్రం అవి ముగ్గురే గెలిచారు. పేల్చినవాడు తప్పగానే తన చేతిని చూసుకునేవాడు, గాలిని తిట్టేవాడు, పక్కవాడు తోశాడనేవాడు. తుపాకిని ఎవరూ తిట్టలేదు. ముందునాడు దాని కీర్తి అంతగా పాకింది. చిన్న పిల్లలు వస్తే చెల్లెలు వంగి, "కుడి అంచుకు చూసి కొట్టు నాయనా" అని చెవిలో చెప్పేది. వాళ్ళకు పగిలేవి.

చీకటి పడక ముందే మేస్త్రి మళ్ళీ వచ్చాడు. ఈసారి వెంట ఇంకా ఎక్కువమంది. తన గురి చూపించడానికే తెచ్చుకున్నాడని తెలుస్తూనే ఉన్నది. పది గుండ్లలో మూడు తగిలాయి. మళ్ళీ పది అన్నాడు. నాలుగు. మళ్ళీ అన్నాడు. వెనుక నుంచి ఎవరో, "మేస్త్రీ, నిన్న తాగి వచ్చినవా, ఇయ్యాల తాగక వచ్చినవా?" అన్నారు. అందరూ నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. తుపాకిని చేతిలో తిప్పి చూశాడు. మావాడి వైపు చూశాడు. తరువాత నా వైపు.

"సారూ, నువ్వు తరాజుల సారువు కద. నీ మాట ఇంట. తుపాకి సక్కగున్నదా లేదా, జర చూసి చెప్పు."

తుపాకి నా చేతికి వచ్చింది. సరిగా లేదంటే ఆ గుంపు ఆ నీలం గుడ్డను, చెక్కను ఏమి చేసేదో చెప్పనక్కరలేదు. మావాడు బుగ్గల వైపు తిరిగి, కట్టి ఉన్న దారాన్నే మళ్ళీ కడుతున్నాడు. చెల్లెలు మాత్రం గుండ్ల డబ్బా పట్టుకుని సూటిగా నన్నే చూస్తున్నది. నేను త్రాసు ముల్లును చూసినట్టు గొట్టం వెంబడి చూశాను. ఎంత పక్కకు ఉన్నదో ఆ గుంపులో నాకొక్కడికే ఖచ్చితంగా తెలుసు.

"సక్కగనే ఉన్నది" అన్నాను.

"అయితే ముద్ర కొట్టు సారూ" అన్నాడొకడు. మళ్ళీ నవ్వారు. తుపాకులకు ముద్ర ఉండదని చెప్పాను. మేస్త్రి కాసేపు తన కుడి కన్ను నలుపుకున్నాడు. "కండ్లు పోయినట్టున్నయి" అని గొణిగి, ఇంకొక పది గుండ్లకు డబ్బు పెట్టాడు. చెల్లెలు లెక్కపెట్టి ఇచ్చింది.

ఆదివారం పొద్దున కూలీల బండి మావాళ్ళ వాడకట్టు చివర ఆగింది. నేను ముందు రాత్రి అక్కడే ఉండిపోయాను కనుక చూశాను. మేస్త్రి దిగి ఇంటి ముందుకు వచ్చి, మూట ఏదని అడిగాడు. "నేను రాను. దుకాణమున్నది" అన్నది చెల్లెలు, వాకిలి ఊడ్చడం ఆపకుండా. అతడు వాదించలేదు, తలలు లెక్కపెట్టుకునే మనిషి. రెండిండ్ల అవతల పిలిచాడు. ఆ ఇంటి కోడలు మూట నెత్తిన పెట్టుకుని వచ్చి ఎక్కింది. ఆమె వెంట ఒక పిల్లవాడు వీధి మలుపు దాకా పరుగెత్తాడు. చెల్లెలు చీపురు పట్టుకుని నిలబడి బండి పోయే వరకు చూసింది.

మావాడు లోపలి నుంచి తుపాకి తెచ్చి మంచం మీద పెట్టాడు. ముఖం వెలుగుతున్నది. "బావా, వచ్చే జాతరకు ఇంకింత జరుపుదామా? రెండు తగిలినా శాన. గిన్నెలు మిగులుతయి" అన్నాడు.

ఇన్ని వారాలు సూటిగా ఉన్నదాని కోసం తిరిగి, దొరికినదాన్ని నా చేతితోనే వంచి, ఇప్పుడు ఇంకా వంచుదామా అన్న ప్రశ్నకు నేను కూర్చుని జవాబు చెప్పాలి. చెప్పులు తొడుక్కుని లేచాను. జవాబు చెప్పింది ఆమె.

"వద్దు. అన్న యాడ పెట్టిండో ఆడనే ఉండనియ్యి. దానికి చెయ్యి పెట్టినవంటే నేను వచ్చే బండి ఎక్కుత."

అతడు తుపాకిని మళ్ళీ లోపలికి తీసుకుపోయాడు. నేను పెబ్బేరు బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాను. ఆదివారం కాబట్టి బస్సు ఆలస్యంగా వచ్చింది.